తెల్లకొంగలన్నీ ఒకటేనా?

గజపతినగరం చంపావతి నది ఒడ్డున ఉన్న ఊరు. వర్షాలు పడి మడులు దున్నే రోజులలో నాగలి వెనుకనో, ట్రాక్టరు వెనుకనో తెల్లని కొంగలు బారులు తీరి నడవడం అక్కడ ఎవరైనా చూసే దృశ్యమే. ఇవి ఏ పక్షులని తరగతిలో అడిగితే, పిల్లలందరూ ఒక్క గొంతుతో "తెల్లకొంగలు" అంటారు. ఈ జవాబు తప్పు కాదు. కాని పూర్తి జవాబు కూడ కాదు. మన పొలాలలోను, చెరువు గట్లమీదను తెల్లగా కనిపించే కొంగలలో నాలుగు జాతులున్నవి. వాటిని వేరుచేసి గుర్తించడానికి అడవులకు పోనక్కరలేదు. ఒక కెమెరా, ఒక నోటు పుస్తకం, కొంచెం ఓర్పు ఉంటే చాలును.

పక్షిని గుర్తించడంలో మొదటి సూత్రం: ఒంటి రంగును మాత్రమే నమ్మరాదు. ముక్కు, కాళ్లు, మెడ, నడక, తిరిగే చోటు, కనిపించిన ఋతువు - వీటన్నిటిని కలిపి చూడవలెను.

పశువుల వెంట తిరుగుతూ, వాటి అడుగులకు లేచిన పురుగులను పట్టితినే కొంగ పొట్టిది. దాని ముక్కు పసుపుపచ్చన, మెడ కురచ. గూళ్లు కట్టే కాలంలో దాని తల, మెడ, వీపు నారింజ వన్నెకు తిరుగుతాయి. నీటి అంచున గబగబ నడిచే చిన్న తెల్లకొంగకు ముక్కు నలుపు, కాళ్లు నలుపు, కాలివేళ్లు మాత్రం పసుపు. బురదలో నిలబడినప్పుడు ఆ వేళ్లు కనబడవు; ఎగిరినప్పుడు స్పష్టంగా కనబడతాయి. మిగిలిన రెండింటిలో ఒకటి మధ్యరకం, ఒకటి పెద్దది. దూరం నుండి పరిమాణాన్ని అంచనా వేయడం కష్టం. అందుచేత నోటి చీలికను చూడవలెను. పెద్దకొంగలో ఆ గీత కంటిని దాటి వెనుకకు పోతుంది. మధ్యరకం కొంగలో కంటి కిందనే ఆగిపోతుంది. పెద్దకొంగ ముక్కు మామూలుగా పసుపు. గూళ్ల కాలంలో నలుపు. అంటే ముక్కు రంగును కూడ ఋతువుతో కలిపి చదవవలసిందే.

ఇక గుడ్డికొంగ. గట్టుమీద కూర్చున్నంతసేపు అది మట్టి రంగులో కలిసిపోయి ఉంటుంది. ఎగిరిన మరుక్షణం తెల్లని రెక్కలు విప్పి మరొక పక్షి అయిపోతుంది.

ఇంత సూక్ష్మమైన గుర్తులను క్షణకాలంలో చూసి జ్ఞాపకం ఉంచుకోవడం కష్టం. ఇంటికి వచ్చి పుస్తకం తెరిచేసరికి, బొమ్మలో ఉన్నదే చూశామని మనసు నమ్మిస్తుంది. ఛాయాచిత్రానికి ఈ బలహీనత లేదు. అది సాక్ష్యం, మనకంటె తెలిసినవారు కూడ దానిని పరీక్షించవచ్చు.

అందమైన చిత్రం కన్న పనికివచ్చే చిత్రం ముఖ్యం. ఉదయపు ఎండ మీ వీపు వైపు ఉండేటట్లు నిలబడండి. నిలిచిన పక్షి మొత్తం శరీరం ఒకసారి, తల ముక్కు ఒకసారి, కాళ్లు ఒకసారి తీయండి. పక్కనున్న గేదెనో, గట్టునో కలిపి తీస్తే పరిమాణం తెలుస్తుంది. ఎగిరే పక్షికి సెకనులో వెయ్యవవంతు కాలమే వెలుగు లోనికి రావలెను; లేకపోతే రెక్కలు చెదిరిపోతాయి. సెల్‌ఫోనులో కటకం సహాయం లేకుండ చిత్రాన్ని పెద్దది చేస్తే కొత్త వివరం ఏమీ చేరదు. ఉన్న చిత్రమే కత్తిరింపబడుతుంది. బైనాక్యులర్ కంటి గొట్టానికి ఫోను ఆనించి తీస్తే కొంత మేలు.

ఒక చిన్న గుర్తు ఎంత పెద్ద సంగతి చెప్పగలదో శ్రీకాకుళం జిల్లాలో, టెక్కలి దగ్గరి తేలినీలాపురంలో చూడవచ్చు. అక్కడ ఊరి చెట్లమీద గూళ్లు కట్టే గూడబాతులను, ఎర్రకాళ్లకొంగలను చాలామంది "సైబీరియా పక్షులు" అంటారు. గూడబాతు చిత్రంలో పైముక్కు అంచును పరిశీలించండి. వరుసగా నల్లని చుక్కలుంటాయి. చుక్కల ముక్కు గల ఈ జాతి భారతదేశంలోను, శ్రీలంకలోను, కంబోడియాలోను పిల్లలను పెంచుతుంది; సైబీరియాలో కాదు. శీతల దేశాల నుండి మనకు వచ్చే వలస పక్షులు సాధారణంగా ఇక్కడ తిండి తిని, వేసవికి తిరిగి పోయి అక్కడ గూడు కడతాయి. తేలినీలాపురం పక్షులు ఇక్కడనే గుడ్లు పెడుతున్నవి. గూడు ఉన్న చోటే వాటి పుట్టిల్లు. అవి పరదేశపు అతిథులు కావు, మన చెరువుల మీద, మన చెట్ల మీద ఆధారపడిన మన పక్షులు. చెరువు ఎండినా, చెట్టు కొట్టివేసినా వాటికి పోవడానికి సైబీరియా లేదు.

ఈ కారణంచేతనే గూటి దగ్గర కెమెరాతో జాగ్రత్త అవసరం. తల్లిపక్షి బెదిరి లేచిపోతే గుడ్లు ఎండకు చెడతాయి, కాకులు తన్నుకుపోతాయి. అడ్డమున్న కొమ్మను విరవరాదు. పక్షి మెడ చాచి మీవైపు చూడసాగిందంటే, మీరు రావలసిన దానికంటె దగ్గరకు వచ్చారన్నమాట. అక్కడనుండి వెనుకకు రండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్లను, గుడ్లను పాడుచేయడం నేరమంటున్నది.

ప్రతి చిత్రానికి తేదీ, వేళ, స్థలం, పక్షి చేస్తున్న పని రాసి ఉంచండి. పేరు తేలకపోతే "తెలియదు" అని రాయడానికి సిగ్గుపడనక్కరలేదు. తప్పు పేరు కన్న అది మేలు. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో 2013 నుండి మన దేశంవారు కూడ పాల్గొంటున్నారు. ఒకచోట కనీసం పదిహేను నిమిషాలు నిలిచి, చూసిన పక్షులను లెక్కించడమే అందులో పని. దీనికి పాఠశాల ఆవరణ చాలును.

ఉపాధ్యాయులు ఒక తరగతికి ఒక చెరువును అప్పగించి, నెలకొకసారి ఒకేచోట నిలిచి చిత్రాలు తీయించవచ్చు. ఏడాది తిరిగేసరికి ఏ కొంగ ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వన్నె మారింది, ఎప్పుడు కనబడకుండ పోయింది అన్న చరిత్ర ఆ పిల్లల చేతిలో ఉంటుంది. అప్పుడు "అవి ఏ పక్షులు?" అని అడిగితే, వారు జవాబు చెప్పేముందు "దాని ముక్కు ఎట్లున్నది?" అని ఎదురు ప్రశ్న వేస్తారు. విజ్ఞానశాస్త్రం ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది.