మీకు తెలుసా? గోబర్ గ్యాసుకు నిమ్మకాయ పడదు!

నెల్లూరు దగ్గరి గూడూరంటే నిమ్మకాయల మార్కెట్. కుళ్లిన కాయలన్నీ గోబర్ గ్యాస్ తొట్టెలో పోస్తే పొయ్యి వెలుగుతుందా? అంత తేలిక కాదు. మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులకు పులుపు గిట్టదు. పైగా తొక్కలోని లిమొనీన్ అనే నూనె వాటిని అణచేస్తుంది. పేడలో కొద్దికొద్దిగా కలిపితేనే మేలు.

నమ్మకమైనది పేడే. సుమారు 25 కిలోల పేడకు అంతే నీళ్లు కలిపితే ఒక ఘనమీటరు గ్యాసు వస్తుంది. అది 450 గ్రాముల సిలిండర్ గ్యాసుకు దాదాపు సమానం.

కూరగాయల చెత్త కూడా భేషుగ్గా పనికొస్తుంది. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారని 2021 జనవరి ‘మన్ కీ బాత్’లో ప్రధాని మోదీ చెప్పారు. సాంకేతికత హైదరాబాద్‌లోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)దే. మార్కెట్ క్యాంటీన్ వంటకూ ఆ చెత్త నుంచి వచ్చే గ్యాసే!