నిశాని నుంచి 'ఐ అగ్రీ' దాకా

తెల్లకాగితం మీద ముందు వేలిముద్ర వేయించుకుని, పైన రాయాల్సింది తర్వాత రాసుకోవడం తెలంగాణ పల్లెల్లో దొరలకూ షావుకార్లకూ తెలిసిన పాత విద్య. మాల మాదిగ కుటుంబాలు తరాల తరబడి జీతాలున్నది ఆ నిశానీల కిందనే. 1976లో వెట్టిచాకిరి రద్దు చట్టం వచ్చింది. చదవలేని కాగితం మీద సమ్మతి తీసుకునే పద్ధతి మాత్రం రద్దు కాలేదు. ఇప్పుడది సెల్‌ఫోన్‌లోకి వచ్చి కూర్చుంది.

'చదవకుండా ఎందుకు నొక్కిన్రు?' అని చదువుకున్నవాళ్లు అడుగుతుంటారు. ఈ ప్రశ్నలోనే ఒక మోసం ఉంది. యాప్ షరతులు పేజీలకు పేజీలు, లాయర్ల ఇంగ్లీషులో ఉంటాయి. పోనీ కష్టపడి చదివారనుకుందాం. ఒక షరతు నచ్చలేదని కొట్టేసే వీలు ఉందా? లేదు. నొక్కకపోతే యాప్ తెరుచుకోదు. బేరమాడే హక్కు లేనిచోట చదవడం, చదవకపోవడం రెండూ ఒకటే అవుతాయి. కాబట్టి తప్పును చదువురాని మనిషి మీదకు నెట్టే ముందు, ఆ బటన్ అసలేం చేస్తుందో చూడాలి.

ఇందులో రెండు మెట్లున్నాయి. మొదటిది పొడవాటి షరతుల కాగితం. రెండోది ఫోన్ అడిగే చిన్న ప్రశ్న: కాంటాక్టులు చూడనివ్వాలా, ఫొటోలు చూడనివ్వాలా, ఎక్కడున్నారో చెప్పాలా అని. అసలు ప్రమాదం ఈ రెండో మెట్టు దగ్గర ఎక్కువ. 'అలౌ' అని ఒక్కసారి నొక్కితే చాలు, ఫోన్‌లోని నంబర్లన్నీ కంపెనీ కంప్యూటర్లకు నకలు కావచ్చు. తర్వాత అనుమతి వెనక్కి తీసుకున్నా, యాప్ తీసేసినా, వెళ్లిపోయిన నకలు వెనక్కి రాదు.

ఇది మేము ఊహించి చెబుతున్నది కాదు. 2020 లాక్‌డౌన్‌లో పనులు పోయినప్పుడు అప్పుల యాప్‌లు మన నగరంలో విచ్చలవిడిగా పెరిగాయి. కాగితాలు లేవు, జామీను లేదు, నిమిషాల్లో పైసలు. చేతికి వచ్చేది మాత్రం 'ప్రాసెసింగ్ ఫీజు' కోసేసిన తర్వాత మిగిలింది. చాలా యాప్‌లలో గడువు వారం రోజులే. కట్టలేకపోతే ఏజెంట్లు అప్పు తీసుకున్నవాళ్లతో పాటు వాళ్ల ఫోన్‌లో ఉన్నవాళ్లందరికీ ఫోన్లు చేశారు. బంధువులతో వాట్సాప్ గ్రూపులు పెట్టి 'వీడు దొంగ' అని ఫొటో వేశారు. ఆ డిసెంబర్‌లో రాజేంద్రనగర్ వైపు ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, సిద్దిపేటలో ఒక వ్యవసాయ శాఖ ఉద్యోగిని ప్రాణాలు తీసుకున్నారు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్‌సెంటర్ల మీద దాడులు చేసి అరెస్టులు చేశారు. చనిపోయిన ఆ ఇద్దరూ ఇంగ్లీషు రానివాళ్లు కారన్నది గుర్తుపెట్టుకోవాలి.

జామీను లేదన్న మాట పచ్చి అబద్ధం. జామీను కాంటాక్ట్ లిస్టే. 2010కి ముందు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మైక్రోఫైనాన్స్ కంపెనీలు గ్రూపులోని మిగతా ఆడవాళ్లను జామీను పెట్టుకున్నాయి. కిస్తీ తప్పితే ఇంటి ముందు కూర్చోబెట్టి పరువు తీశాయి. ఆత్మహత్యల తర్వాత 2010 అక్టోబర్‌లో ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవలసి వచ్చింది. అక్కడ గ్రూపు ఆడవాళ్లకు కనీసం తాము జామీను ఉన్నామని తెలుసు. ఇక్కడ కాంటాక్టులో ఉన్న మేనమామకు గాని, మేస్త్రికి గాని, పిల్లల టీచర్‌కు గాని ఆ సంగతే తెలియదు. ఒప్పుకున్నది ఒకరు, తాకట్టు పడింది వందమంది. వాళ్లెవరూ ఏ బటనూ నొక్కలేదు.

పాతబస్తీలో ఇది ఇంకా లోతుగా తగులుతుంది. బ్యాంకులు తమను 'నెగటివ్ ఏరియా' వాళ్లుగా చూస్తాయన్న ఫిర్యాదు ఇక్కడ ఏళ్లుగా ఉంది. సూద్‌ఖోర్ దగ్గరికి పోవాలి, లేదంటే బైతుల్‌మాల్‌లో బంగారం పెట్టాలి. బంగారం లేనివాళ్లకు ఫోనే దిక్కు. లాడ్‌బజార్ దుకాణాలకు ఇంట్లో కూర్చుని గాజులకు రాళ్లు అతికే ఆడవాళ్లకు సొంత ఫోన్ ఉండాలని లేదు. ఇంటికొక ఫోన్ ఉన్నచోట, మగడు చేసిన అప్పుకు పెండ్లాం పుట్టింటి నంబర్లు పోతాయి. పైగా మనం పేర్లు ఎట్లా రాసుకుంటాం? అమ్మీ, ఖాలా, పెద్ద బావ, చిట్టీల అక్క, మేస్త్రి. ఎవరికి ఫోన్ చేస్తే సిగ్గుతో చస్తారో ఏజెంట్‌కు ఆ లిస్టే చెబుతుంది. ఇంటిపేర్లు, బస్తీ పేర్లు కలిపి చూస్తే కులమూ మతమూ కూడా బయటపడతాయి.

మరి చట్టం? వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. రిజర్వు బ్యాంకు నియమించిన బృందం 2021 మొదటి రెండు నెలల్లో 1,100 దాకా అప్పుల యాప్‌లను లెక్కపెట్టి, అందులో 600 అక్రమమైనవని తేల్చింది. అప్పు ఇచ్చే యాప్‌లు కాంటాక్టులు, కాల్ వివరాలు, ఫైళ్లు ముట్టుకోవద్దని 2022 సెప్టెంబర్‌లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. గూగుల్ కూడా 2023 మే 31 నుంచి తన ప్లేస్టోర్‌లో ఇదే నిషేధం పెట్టింది. అయితే లింకు పంపి ప్లేస్టోర్ బయటి నుంచి ఎక్కించే యాప్‌లకు ఈ కట్టడి వర్తించదు.

2023 డేటా రక్షణ చట్టం కాగితం మీద బాగానే మాట్లాడుతుంది. అవసరానికి మించి అడిగి తీసుకున్న సమ్మతి చెల్లదంటుంది. వైద్యం యాప్ కాంటాక్ట్ లిస్టు అడిగితే, మనం ఒప్పుకున్నా సరే, అది కాంటాక్టులకు వర్తించదని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. షరతులను తెలుగులో, ఉర్దూలో చదువుకునే వీలు కూడా కల్పించాలి. నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి గాని, ఈ సమ్మతి సెక్షన్లకు 18 నెలల గడువిచ్చారు. అంటే 2027 మే దాకా ఆగాలి.

మన పత్రిక పాఠకులు పట్టుకోవాల్సిన సంగతి ఇంకొకటుంది. 2018లో జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ ఇచ్చిన ముసాయిదాలో కులం, తెగ, మత విశ్వాసం 'సున్నితమైన' సమాచారం కింద ఉండేవి. 2019 బిల్లులోనూ ఉండేవి. 2023 చట్టంలో ఆ వర్గీకరణే లేకుండా పోయింది. చెప్పుల సైజు, కులం ఇప్పుడు చట్టానికి ఒకే రకం సమాచారం. కులం బయటపడితే కిరాయి ఇల్లు దొరకని నగరంలో ఈ మార్పు మీద చర్చ ఎంత తక్కువ జరిగిందో!

కార్యకర్తల దగ్గరికి ఇటువంటి కేసు వస్తే మొదట యాప్ తీసేయనివ్వొద్దు. బెదిరింపు మెసేజ్‌లు, నంబర్లు, పైసలు వచ్చిన ఖాతా వివరాలు స్క్రీన్‌షాట్లు తీయించాలి. తర్వాత సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు కాంటాక్టులు, ఫొటోల అనుమతి ఆపాలి. అప్పిచ్చిన కంపెనీ పేరు రిజర్వు బ్యాంకు లిస్టులో ఉందో లేదో చూడాలి. 1930 నంబరుకు ఫోన్ చేసి సైబర్ నేరం కింద ఫిర్యాదు ఇవ్వాలి. ఫోన్లు వచ్చిన బంధువులు, ఇరుగుపొరుగు కూడా తమ పేరు మీద వేరే ఫిర్యాదులు ఇవ్వొచ్చు. వాళ్లు దేనికీ ఒప్పుకోలేదు కాబట్టి 'సమ్మతి ఉంది' అన్న కంపెనీ వాదన వాళ్ల విషయంలో మొదట్లోనే పడిపోతుంది.