నల్లగొండ నీరు – ఆమ్లం చేసే పని

మానవ రక్తం స్వల్పక్షారం. దాని పీహెచ్ విలువ 7.35 – 7.45 మధ్య ఉంటుంది. జఠరరసం తీవ్రమైన ఆమ్లం. ఈ భేదమే నల్లగొండ ప్రజల వ్యథకు కొంత కారణం.

అక్కడి గ్రానైటు శిలల నుండి క్షారగుణం గల భూగర్భజలంలోకి ఫ్లోరైడ్ చేరుతుంది. ఆ నీరు త్రాగినప్పుడు ఫ్లోరైడ్ జఠరామ్లంతో కలిసి హైడ్రోజన్ ఫ్లోరైడ్‌గా మారి, జీర్ణాశయపు పొరను సులభంగా దాటుతుంది. రక్తంలో తిరిగి ఫ్లోరైడ్‌గా విడివడి, ఎముకలలోని హైడ్రాక్సిల్ స్థానాన్ని ఆక్రమిస్తుంది. తత్ఫలితంగా పసివారి పళ్ళు గారపడతాయి. కాలక్రమంలో ఎముకలు వంగి, కీళ్ళు బిగుసుకుపోతాయి. అన్నాన్ని అరిగించే ఆమ్లమే విషానికి వాకిలి తెరుస్తున్నది.

పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తొలగించే 'నల్లగొండ పద్ధతి'ని నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించింది. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ కృష్ణాజలాలను గ్రామాలకు చేర్చింది. అయినను వంగిన ఎముక మరల నిటారు కాదు, నివారణే శరణ్యం.