మూగవోయిన ఇటుకలతో సంభాషణము

భిలాయి-3 రైల్వేస్టేషను ప్రక్కన చరోదా వరకును వ్యాపించియున్న మార్షలింగ్ యార్డులో – ఇచ్చటివారందరును దానిని బి.ఎం.వై. అనియే వ్యవహరింతురు – ముప్పది యేండ్ల క్రిందట తయారైన వాగను నిన్నమొన్న వచ్చిన విద్యుత్ ఇంజనుతో నిమిషమాత్రమున జతగూడుట చూచువారికి వింతగా దోపదు. ఏలయన వాగను ఖాళీగా నున్నప్పుడు దాని కప్లింగు పట్టాలకు 1105 మిల్లీమీటర్లకు మించి యెత్తున నుండరాదనియు, నిండు బరువుతో క్రుంగినప్పుడు 1030 మిల్లీమీటర్లకు దిగరాదనియు నియమము చేసి, ఆ నియమమును దేశమంతటను ఒక్కటిగా నిలిపినవారు యంత్రముల వయోభేదమును ఆనాడే జయించిరి. కంప్యూటరుతో నడచు యంత్రములకు ఇట్టి భాగ్యము అరుదు. వాని మోటార్లు తిరుగుటకు సిద్ధముగనే యుండును, వాని సెన్సర్లు చూచుటకు సిద్ధముగనే యుండును. కాని కంప్యూటరుతో గలియు తావున అవి పలుకవలసిన భాష మరుగుపడుటచేత మూలబడిపోవుచున్నవి. ఆ మూగతనమునకు చికిత్స కలదని నిరూపించిన వస్తువులలో నాకు మిక్కిలి ప్రియమైనది డెన్మార్కు దేశపు ఆటవస్తు వొకటి. ఈ యార్డును నమ్ముకొని శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లలకు దాని చరిత్రము తెలియవలెనని నా కోరిక.

బిల్లుండ్ గ్రామమందలి లెగో సంస్థ తన ప్లాస్టిక్ ఇటుకకు 1958 జనవరిలో పేటెంటు కోరెను. నాటి ఇటుకపై బొడిపెకును బొడిపెకును నడుమ దూరము 8 మిల్లీమీటర్లు. నేటి ఇటుకపైనను అంతియే. కావున తాత ఆడుకొనిన ఇటుకపై మనుమడు తన ఇటుకను నిస్సంకోచముగా బిగింపవచ్చును. ఇంతటి సంధినిష్ఠ గల సంస్థ, ఇటుకలతో కట్టిన బొమ్మల మోటార్లను కంప్యూటరుతో నడిపించుటకై చేసిన విద్యుత్ పేటికలే కాలక్రమమున మూగవోయినవనగా, కారణము ఆ సంస్థ అశ్రద్ధ మాత్రమే కాదు. పేటికకు అవతలి కొసనున్న కంప్యూటరు పదేండ్లకొకసారి తన ద్వారములను మార్చుకొనుచుండెను.

ఆ పేటికలకు జ్ఞానజనకుడు సైమూర్ పేపర్ట్. దక్షిణాఫ్రికాలో జన్మించి, జెనీవాలో పియాజే మహాశయునితో గూడి శిశువుల ఆలోచనారీతిని పరిశీలించి, అమెరికాలోని ఎం.ఐ.టి. చేరిన యీ గణితవేత్త 1967లో వాలీ ఫ్యూర్జీగ్, సింథియా సాలమన్‌లతో గలిసి పిల్లలకొరకు లోగో అను ప్రోగ్రాము భాషను రూపొందించెను. చేతులతో నిర్మించునప్పుడే బుద్ధియు నిర్మితమగునని ఆయన విశ్వాసము. లెగో అధినేత క్యెల్ క్రిస్టియన్‌సెన్ 1984లో ఆయన మాటలను టెలివిజన్‌లో విని ముగ్ధుడగుటయు, అచిరకాలమున ఇరువురి బృందములు చేయికలుపుటయు జరిగినవి. ఎం.ఐ.టి.లో మిచెల్ రెస్నిక్, స్టీఫెన్ ఓకో అనువారు లోగో భాషను లెగో మోటార్లకు జతపరచిరి.

దాని ఫలముగా 1986లో వెలువడిన పేటికను ఇంటర్‌ఫేసు-ఎ అందురు. దీనిలో ఆలోచించు అవయవమే లేదు. ఆపిల్, ఐ.బి.ఎం. వంటి నాటి కంప్యూటర్లనుండి ఇరువది తీగల పట్టీ యొకటి వచ్చి దీనిలో దిగును. కంప్యూటరు ఎనిమిది బిట్లలో మొదటి ఆరింటిని పైకెత్తినను, దించినను, ఆరు ఔట్‌పుట్లు వెలుగుటయో ఆరుటయో సంభవించును. మిగిలిన రెండు బిట్లు రెండు సెన్సర్లు చూచినదానిని కంప్యూటరునకు నివేదించును. మోటారు ముందువెనుకలకు తిరుగవలెనన్నచో ఔట్‌పుట్లను రెండేసి జతపరచవలెను గనుక, అట్టి మోటార్లు మూడు మాత్రమే నడుచును. విద్యార్థి ‘ఆన్‌ఫర్ 20’ అని లోగోలో వ్రాసినచో మోటారు రెండు సెకనులు తిరిగి ఆగును, ఆ లెక్క సెకనులో పదవవంతులలో నున్నది గనుక. పేటిక యింత అమాయకమైనదగుటయే నేడు మనకు వరమైనది. ఆర్డుయినో అను చిన్న మైక్రోకంట్రోలరు బోర్డునుండి ఆరు తీగలు ఔట్‌పుట్లకు, రెండు తీగలు సెన్సర్లకు, ఒకటి గ్రౌండునకు, వెరసి తొమ్మిది తీగలు కలిపినచో నలువదేండ్ల నాటి పేటిక నేటి బోర్డు మాటను తడబాటు లేక పాటించును.

తరువాత 1990 దశకమున పాఠశాలలకు వచ్చిన ఇంటర్‌ఫేసు-బి స్వభావము వేరు. దీనికి ఎనిమిది ఔట్‌పుట్లును, ఎనిమిది ఇన్‌పుట్లును గలవు. దీనిలో స్వంత ప్రాసెసరు కలదు. కంప్యూటరుతో సీరియల్ తీగ మీదుగా సెకనుకు 9600 బిట్ల వేగమున సంభాషించును. అయితే అపరిచితులతో ఇది పలుకదు. కంప్యూటరు మొదట ఒక నిర్ణీతమైన ప్రశ్నావాక్యమును అక్షరము పొల్లుపోకుండ పంపవలెను. అది సరియైనచో పేటిక తన వంతుగా చమత్కారభరితమైన ప్రతివాక్యమును పంపును. అటుపిమ్మట గాని పని మొదలుకాదు. మొదలైన తరువాతను, కంప్యూటరు రెండు సెకనుల లోపల ఒక్క బైటునైన పంపి తాను సజీవముగ నున్నట్లు తెలుపుచుండవలెను, లేనిచో పేటిక నిలిచిపోవును. పిల్లవాడు కట్టిన క్రేను, కంప్యూటరు స్తంభించిన పక్షమున, తనంత తాను తిరుగుచుండరాదను జాగరూకత యిందు గోచరించుచున్నది. పెద్ద కర్మాగారముల నియంత్రణ యంత్రములలోను ఇదే సూత్రము పాటింపబడును.

ఇక పేటిక పంపు వార్త పందొమ్మిది బైట్ల పొట్లము: రెండు బైట్లు ముఖము, పదునారు బైట్లు ఎనిమిది సెన్సర్ల విలువలు, కడపటిది సరిచూచుకొనుటకు. పందొమ్మిదింటిని కూడి దిగువ ఎనిమిది బిట్లను చూచినచో 255 రావలెను. రానిచో పొట్లము చెడినదని త్రోసిపుచ్చవలెను. ఒక్కొక్క సెన్సరునకు దక్కిన పదునారు బిట్లలో పది విలువకును, ఆరు స్థితిసూచనకును వినియోగింపబడినవి. ఇరుసు ఎటు ఎంత తిరిగెనో చెప్పు సెన్సరు తన కదలికను ఆ ఆరు బిట్లలోనే ఇమిడ్చికొనును. బిట్టు బిట్టునకు విలువ కట్టిన నాటి మితవ్యయము ఈనాటి పుష్కలత్వమున పెరిగిన విద్యార్థికి దీనికంటె స్పష్టముగా మరియొక చోట కనబడునని నేననుకొనను.

1998లో పేపర్ట్ గ్రంథనామమునే ధరించి మైండ్‌స్టార్మ్స్ అను లెగో రోబో శ్రేణి వచ్చెను. దాని హృదయమైన ఆర్.సి.ఎక్స్. ఇటుకలో 16 మెగాహెర్ట్జ్ వేగము గల హిటాచి హెచ్8 మైక్రోకంట్రోలరును, 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తియు నుండుటచే, ప్రోగ్రామును ఒకసారి స్వీకరించి కంప్యూటరును విడిచి తిరుగ గలిగెను. ఆ స్వీకారము అదృశ్యమైన పరారుణ కాంతి మీదుగా, 38 కిలోహెర్ట్జ్ తరంగముపై, సెకనుకు 2400 బిట్ల మెల్లని నడకతో జరుగును. ప్రతి బైటు వెంట దాని విలోమమును పంపుట దీని ఆచారము. అట్లు చేయుటచేత సున్నలును ఒకట్లును సమసంఖ్యలో నుండి, కాంతిగ్రాహకము ఒక ప్రక్కకు ఒరగక స్థిరముగ నుండును. ఒకే ఆజ్ఞ రెండుమారులు వరుసగా వచ్చినచో, అది క్రొత్త ఆజ్ఞయో, ప్రతిధ్వనియో తెలియుటకై ఆజ్ఞలోని ఒక బిట్టు మారుచుండవలెను. ఈ రహస్యములను లెగోవారు చెప్పలేదు. స్టాన్‌ఫర్డ్ విద్యార్థి కెకోవా ప్రౌడ్‌ఫుట్ పరిశ్రమించి ఛేదించి లోకమునకు వెల్లడించెను. డేవ్ బామ్ దానినాధారముగా ఎన్.క్యు.సి. అను భాషను, మార్కస్ నోగా లెగోఎస్ అను ప్రత్యామ్నాయ వ్యవస్థను నిర్మించిరి. సంస్థ వారిని న్యాయస్థానమునకీడ్వక, తన సాఫ్ట్‌వేర్ అనుమతిపత్రమున అట్టి పరిశోధనకు హక్కును చేర్చినది. ఆధునిక వ్యాపారచరిత్రలో ఇంతటి వివేకమును నేను తరచుగా చూడలేదు. మైండ్‌స్టార్మ్స్ శ్రేణి 2022 చివర నిలిచిపోయినను ఆర్.సి.ఎక్స్. నేటికిని పలుకగలుగుటకు ఆనాటి ఔదార్యమే మూలము.

కాలము కొట్టిన దెబ్బలు రెండు విధములు. దేహమున, 1990 దశకపు తీగల పైతొడుగు పొడిపొడియై రాలుట, మరచిపోయిన బ్యాటరీలు కారి రాగిని తినివేయుట. ఇవి సోల్డరుతో, ఓపికతో బాగుపడును. సంధిస్థానమున, కంప్యూటరునుండి సీరియల్ ద్వారము మాయమగుట, కంప్యూటరు మాటను పరారుణ కాంతితో ఆర్.సి.ఎక్స్.కు అందించు గోపురమునకు 64 బిట్ల విండోసులో డ్రైవరు లేకపోవుట. ఈ రెండవదానికి నడుమ నిలిచి ఇరువైపుల భాషయు నెరిగిన దుభాషి కావలెను, ఆ దుభాషియే మైక్రోకంట్రోలరు.

ఇటలీలోని ఇవ్రియా పట్టణమున 2005లో పుట్టిన ఆర్డుయినో ఈ పనికి పుట్టినదా యనిపించును. ఆర్.సి.ఎక్స్. తన సెన్సరును 0 నుండి 1023 వరకు కొలుచును. ఆర్డుయినో ఊనో కూడ సరిగా 0 నుండి 1023 వరకే కొలుచును. కావున 5 వోల్టులకు పది కిలోఓముల నిరోధము నొకదానిని బిగించి, పాత లెగో ఉష్ణోగ్రత సెన్సరును కలిపినచో, నాటి సంఖ్యలే నేటి తెరపై ప్రత్యక్షమగును. కాంతి సెన్సరునకు మాత్రము ఒకే తీగజతపై మూడు మిల్లీసెకనులు విద్యుత్తునిచ్చి, మిల్లీసెకనులో పదవవంతు ఆపి, ఆ విరామమున విలువను చదువవలెను. ఒక ట్రాన్సిస్టరును, జాగ్రత్తగా వ్రాసిన నాలుగైదు పంక్తులును ఇందుకు చాలును. ఈ.ఎస్.పి.32, రాస్ప్‌బెరీ పై పీకో వంటి క్రొత్త బోర్డులు 3.3 వోల్టులకు మించి సహింపవు. పాత పేటిక 5 వోల్టులతో బదులు చెప్పును. అందుచే నడుమ ఒక కిలోఓము, రెండు కిలోఓముల నిరోధములను శ్రేణిలో నుంచి మూడింట రెండువంతుల వోల్టేజిని మాత్రము గ్రహింపవలెను. ఇంటర్‌ఫేసు-బి సీరియల్ తీగ ఋణవోల్టులను కూడ ప్రయోగించును గనుక అచ్చట మాక్స్3232 చిప్పు అవశ్యము. తొందరపడి నేరుగా కలిపిన బోర్డు ఆ క్షణమున చెడకపోవచ్చును, చెడినప్పుడు కారణము తెలియదు.

నీతి ఆయోగ్ అటల్ టింకరింగ్ ల్యాబుల పథకమున పాఠశాలలకు ఇరువదేసి లక్షల రూపాయల సాయమందించినది. ఆర్డుయినో పేరు నేటి పిల్లలకు క్రొత్త కాదు. కాని లెగో పేటికలు మన ప్రాంతమున అరుదు. దొరకనివారు ఇంటర్‌ఫేసు-ఎను తామే నిర్మించుకొనవచ్చును: ఎల్293డి చిప్పునకు నాలుగు ఔట్‌పుట్లుండును, అట్టివి రెండు తెచ్చినచో ఆరు వినియోగమునకు పోగా రెండు మిగులును, బజారులో దొరకు చిన్న మోటార్లను వానికి కలిపి, మైక్రోపైథాన్ అను ప్రోగ్రాము భాషలో ‘ఆన్‌ఫర్’ వంటి ఆజ్ఞను వ్రాసికొనిన చాలును. అప్పుడు ఏ తీగ ఏ బిట్టునకు చెందినదో, ఏ బిట్టు ఏ మోటారును త్రిప్పునో, ఎన్ని వోల్టులు దానికి తగునో కాగితముపై తెలుగులో వ్రాసి పెట్టె మూతకు లోపలివైపున అతికింపవలెను.