అద్దం మీద బొమ్మ: అచ్చుకు ముందు నాలుగు ప్రశ్నలు



1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయిగారు మాదాపూర్‌లో సైబర్ టవర్స్ భవనాన్ని ప్రారంభించారు. ఆ తరువాత మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి దారుల్లో గోడలకు బదులు అద్దాలు లేచాయి. పెద్ద ఆఫీసుల సంగతి అలా వుంచండి. వాటి పక్క వీధుల్లో మనలాంటి ఆడవాళ్ళు నడుపుకునే టైలరింగు షాపుకీ, కర్రీ పాయింటుకీ, పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌కీ కూడా ముందు భాగం అద్దమే. బోర్డూ అదే, తెరా అదే. దాని మీద పేరో బొమ్మో అంటించాలంటే వినైల్ కావాలి. వినైల్ అంటే పి.వి.సి. ప్లాస్టిక్‌తో చేసిన పల్చటి పొర. వెనకాల జిగురు, ఆ జిగురు మీద వొలిచి పారేసే కాగితం వుంటాయి. బజార్లో స్టిక్కరనీ, రేడియమనీ అంటారు. రేడియం అన్నది వట్టి వాడుక మాటే సుమండీ!

షాపుకి వెళ్ళగానే మనం అడిగే మొదటి మాట, "చదరపు అడుగు ఎంత?" అని. పెళ్ళికి కట్టుకోవడానికా, వంటింట్లో కట్టుకోవడానికా చూసుకోకుండా చీర ధర అడిగినట్టే ఇది. ముందు మనల్ని మనం నాలుగు ప్రశ్నలు వేసుకుంటే, ఏ పద్ధతి కావాలో దానంతటదే తేలుతుంది.

మొదటిది - అక్షరాలా, బొమ్మా? షాపు పేరు, ఫోను నంబరు, పనివేళలు చాలనుకుంటే అసలు అచ్చే అక్కర్లేదు. రంగు కలిపి తయారుచేసిన వినైల్‌ని కంప్యూటరు నడిపే చిన్న కత్తి అక్షరాలుగా కోస్తుంది. దీన్ని కటింగు అంటారు. చుట్టూ మిగిలినదాన్ని వొలిచేసి, అక్షరాలని ఒక టేపుతో ఎత్తి అద్దానికి అంటిస్తారు. రంగు ఆ పొరలోనే వుంటుంది కాబట్టి పైన పడ్డ ఇంకులా తొందరగా వెలవదు. రెండు మూడు రంగులతో సరిపోయే పనికి ఇదే మేలు.

రెండవది - ఎన్ని కావాలి? ఇక్కడ మన కలంకారీని తలుచుకోండి. పెడనలో చెక్క దిమ్మ చెక్కించి అచ్చు వేస్తారు. దిమ్మకి ఖర్చూ శ్రమా ముందే అయిపోతాయి, ఆపైన ఎన్ని గజాలైనా అదే అచ్చు. శ్రీకాళహస్తిలో దేనికది కలంతో గీస్తారు. స్క్రీన్ ప్రింటింగు పెడన దారి. ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీను కట్టాలి, అందుకని ఒకే బొమ్మ వందల కొద్దీ కావలసినవాళ్ళకే గిట్టుబాటు. కంప్యూటరులోంచి నేరుగా అచ్చయ్యే డిజిటల్ ప్రింటుకి దిమ్మా లేదు, స్క్రీనూ లేదు. ఒక్కటి కావాలన్నా వేసిస్తారు. మన ఒక్క షాపు అద్దానికి డిజిటలే దారి.

డిజిటల్‌లో మళ్ళీ మూడు రకాల ఇంకులున్నాయి. ఎకో సాల్వెంట్ ఇంకులోని ద్రావకం వినైల్ పై పొరని కాస్త మెత్తబరచి రంగుని పట్టేలా చేస్తుంది. గట్టి రంగే, కాని ఆ ద్రావకం ఆరిపోవడానికి ఒక రోజైనా ఆగి, ఆ తరువాతే పైన లామినేషన్ వెయ్యాలి. "గంటలో ఇచ్చెయ్యండి" అని మనం తొందరపెడితే ద్రావకం లోపలే చిక్కుకుని జిగురుని పాడుచేస్తుంది, అంచులు లేచిపోతాయి. రెండవది లేటెక్స్. 2008లో హెచ్.పి. కంపెనీ ఈ రకం మిషన్ని ప్రపంచానికి చూపించింది. ఇది నీటితో కలిపిన ఇంకు, మిషన్లోనే వేడికి ఆరి బయటికి వస్తుంది. వాసన తక్కువ గనక క్రెష్‌లాంటి చోట్లకి బాగుంటుంది. మూడవది యు.వి. అతినీలలోహిత కాంతి తగలగానే ఈ ఇంకు గట్టిపడిపోతుంది. పైపైన మందంగా నిలుస్తుంది కాబట్టి బాగా వంచితే పగలవచ్చు. చదునైన అద్దానికి ఆ బెంగ లేదు.

మూడవ ప్రశ్న - లోపలినుంచా, బయటినుంచా? లోపల అంటిస్తే వానా దుమ్మూ తగలవు, ఎవరూ గోకరు. అయితే బొమ్మని అద్దంలో చూసినట్టు తిరగేసి అచ్చు వెయ్యాలి. పారదర్శకంగా వుండే వినైల్ అయితే, రంగుల వెనక తెల్ల ఇంకు కూడా వెయ్యాలి. పల్చటి జార్జెట్ జాకెట్టుకి లైనింగు ఎలాగో, ఇదీ అలాగే. లేకపోతే రంగులు తేలిపోతాయి. తెల్ల ఇంకు అన్ని మిషన్లలోనూ వుండదు, ముందే అడగండి. మీది నల్లటి రంగు అద్దమైతే లోపల అంటించింది బయటికి సరిగా కనపడదు. అప్పుడు బయటే అంటించి, మన మే నెల ఎండకి తట్టుకునేలా లామినేషన్ వేయించాలి. ఇంకో జాగ్రత్త. పడమటి ఎండ పడే అద్దాన్ని సగం ముదురు రంగుతో కప్పితే ఒక భాగం ఎక్కువ వేడెక్కి, టఫెన్డ్ కాని అద్దం పగలవచ్చు. ఏ అద్దమో భవనం వాళ్ళని కనుక్కోండి.

నాలుగవది అన్నిటికంటే ముఖ్యం - రాత్రి ఎవరికి ఏం కనపడుతుంది? వన్ వే విజన్ అనే రకం వుంది. దాన్నిండా సన్నటి చిల్లులే, నూటికి నలభై యాభై వంతులు. వెనకవైపు నలుపు. పగలు బయటివాళ్ళకి బొమ్మే కనపడుతుంది, లోపలివాళ్ళకి వీధి కనపడుతుంది. అది వెలుతురు చేసే మాయ తప్ప వినైల్ మహిమ కాదు. సాయంత్రం ఏడయి మీరు లోపల లైటు వేశారనుకోండి, వీధి చీకటి, గది వెలుగు. కథ తిరగబడుతుంది. లోపల ఎవరు మసిలినా బయటివాళ్ళకి తెలుస్తుంది. అందుచేత బట్టలు కొలత చూసుకునే గదికీ, తల్లులు పాలిచ్చే మూలకీ దీన్ని నమ్ముకోకండి. అక్కడ వెలుతురు ఏమాత్రం దూరని మందపాటి వినైలో, మంచి కర్టెనో వుండాలి. పాలమీగడలా కనిపించే ఫ్రాస్టెడ్ ఫిల్మ్ వెలుతురునిస్తుంది, ముఖం పోలిక తెలియనివ్వదు. కాని దాన్ని ఆనుకుని నిలబడితే నీడ తెలుస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

డబ్బు ఆదా మాట కూడా చెప్పాలి. కారు వొంపుల మీద సాగడానికి కాస్ట్ వినైల్ అని ఖరీదైనది వుంటుంది. చదునైన అద్దానికి మామూలు వినైల్ చాలు. అద్దెషాపు అయితే తేలిగ్గా వూడివచ్చే జిగురున్నది అడగండి. లేకపోతే ఖాళీ చేసేనాడు అద్దం గోకుతూ కూర్చోవాలి.

అంటించడం పొద్దున్నే, అద్దం చల్లగా వుండగా చేయించండి. అద్దం శుభ్రంగా కడిగి, రెండు చుక్కలు సబ్బు కలిపిన నీళ్ళు చిలకరించి అంటిస్తే బుడగలు లేకుండా సర్దుకోవచ్చు. వన్ వే విజన్‌ని మాత్రం పొడిగానే అంటించాలి, లేకపోతే చిల్లుల్లో నీళ్ళు నిలుస్తాయి. తీసేటప్పుడు జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరుతో కాస్త వెచ్చజేస్తే వొలిచినట్టు వస్తుంది. తీసినదాన్ని చెత్తతో కలిపి కాల్చకండి, పి.వి.సి. కాలితే గొంతు మండించే ఆమ్లపు వాయువు పుడుతుంది.

ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబులు ఒక కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్ళండి. చదరపు అడుగు ధర ఆ తరువాత అడగవచ్చు. ముందుగా ఒక చిన్న ముక్క అచ్చు వేయించి, మీ అద్దానికే అంటించి, పగలొకసారీ, రాత్రి లోపల లైటు వేసి వీధిలోకి వెళ్ళి ఒకసారీ చూసుకోండి. మీకు నచ్చితేనే బయానా ఇవ్వండి.