చేతి తుపాకి లైసెన్సు

ఆత్మరక్షణ కొరకు రివాల్వరు గానీ పిస్తోలు గానీ కొని తన వద్ద ఉంచుకొనుటకు భారత ప్రభుత్వ చట్టాల ప్రకారం పౌరునికి ఇచ్చే అనుమతి పత్రమే చేతి తుపాకి లైసెన్సు. దీనికి 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నియమాలు ఆధారం. అమెరికా వంటి దేశాలలో ముందు తుపాకిని ఎంచుకోవడం, తరువాత దానిని దుస్తుల చాటున ధరించడానికి అనుమతి పొందడం పరిపాటి. భారతదేశంలో క్రమం ఇందుకు విరుద్ధం. ఇక్కడ లైసెన్సు ముందు, తుపాకి తరువాత. ఏ రకం తుపాకి కొనవచ్చో కూడా చాలావరకు చట్టమే నిర్ణయిస్తుంది. ఈ వ్యాసంలో తెలంగాణలోని జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పరిస్థితులను దృష్టిలో ఉంచుకొని ఈ విషయం వివరించబడింది.

నేపథ్యం

ఈ మూడు జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లా నుండి ఏర్పడ్డాయి. నిజాం పాలనలో గద్వాల, వనపర్తి సంస్థానాలుగా ఉండేవి. సంస్థానాధీశులకు సొంత సైనిక బలగాలు ఉండేవి. వనపర్తి రాజు వద్ద ఉన్న ఆఫ్రికా జాతి అంగరక్షక దళం నిజాముకు చేరిందనీ, హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ అనే పేటకు ఆ పేరు ఆ దళం వల్లనే వచ్చిందనీ చెబుతారు. తుంగభద్రకు ఆవలి కర్నూలు బ్రిటిషు పాలనలో ఉండటం వలన అక్కడ 1878 నాటి ఆయుధ చట్టం అమలులో ఉండేది. అనగా నదికి ఒక ఒడ్డున ఒక చట్టం, రెండవ ఒడ్డున మరొకటి. స్వాతంత్ర్యానంతరం వచ్చిన 1959 చట్టం 1962 అక్టోబరు 1 నుండి అమలులోకి వచ్చి పాత చట్టాన్ని తొలగించింది.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలో, ముఖ్యంగా నల్లమల అంచున, నక్సలైట్ల ఉద్యమం బలంగా ఉన్న కాలంలో ప్రాణభయం అనేది ఊహ మాత్రమే కాదు. 1993లో సోమశిల వద్ద జరిగిన మందుపాతర పేలుడులో జిల్లా ఎస్పీ పరదేశి నాయుడు మరణించారు. 2005 ఆగస్టు 15న మక్తల్ శాసనసభ్యుడు చిట్టెం నర్సిరెడ్డి నారాయణపేటలో హత్యకు గురయ్యారు. ఈ రెండు సంఘటనలలోనూ చనిపోయినవారు ఆయుధ రక్షణ లేనివారు కారు. ముందే పొంచి ఉండి చేసే దాడిని నడుముకు ఉన్న రివాల్వరు ఎంతవరకు ఆపగలదన్న ప్రశ్న ఇక్కడ సహజంగానే వస్తుంది.

లైసెన్సు పొందే విధానం

ఈ మూడు జిల్లాలలో పోలీసు కమిషనరేట్లు లేవు. కనుక దరఖాస్తును జిల్లా కలెక్టరుకు పెట్టుకోవాలి. దరఖాస్తుదారునికి 21 సంవత్సరాలు నిండి ఉండాలి. దరఖాస్తుతో పాటు వైద్యుని ధ్రువపత్రం జతచేయాలి. తుపాకిని సురక్షితంగా వాడటంలో శిక్షణ పొందినట్లు కూడా చూపాలి. కలెక్టరు పోలీసుల నివేదిక తెప్పించుకుంటారు. స్థానిక పోలీస్ స్టేషను సిబ్బంది దరఖాస్తుదారుని నడవడిక, పాత కేసులు, ఊరిలోని తగాదాలు, ఆయన చెప్పే ప్రాణభయంలోని నిజానిజాలు విచారిస్తారు. భూతగాదాలో ఒక పక్షం వారు అడిగిన తుపాకిని రక్షణ సాధనంగానే చూడటం అధికారులకు కష్టం. అది బెదిరింపు సాధనం కూడా కాగలదు.

లైసెన్సు పౌరుని హక్కుగా ఇచ్చేది కాదు, అవసరాన్ని బట్టి ఇచ్చేది. అయితే ధనవంతులకే ఇస్తారన్న ప్రచారం చట్టప్రకారం సరికాదు. తగినంత ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్సును నిరాకరించరాదని 14వ సెక్షను స్పష్టంగా చెబుతోంది. నిరాకరిస్తే కారణాలను వ్రాతపూర్వకంగా నమోదు చేయాలి. ఆ ఉత్తర్వుపై 18వ సెక్షను క్రింద అప్పీలు చేసుకోవచ్చు. 2019లో చేసిన సవరణతో లైసెన్సు కాలపరిమితి 3 నుండి 5 సంవత్సరాలకు పెరిగింది. ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్య మాత్రం 3 నుండి 2కు తగ్గింది.

తుపాకి ఎంపిక

సైన్యం, పోలీసులు వాడే తూటాలు పేలే తుపాకులను సామాన్య పౌరులకు అనుమతించరు. 9 మి.మీ. సర్వీసు తూటాలు, .380, .455 తూటాలు పేల్చగల రివాల్వర్లు, పిస్తోళ్ళు ఈ కోవలోనివే. వ్యక్తిగత అవసరానికి విదేశాల నుండి చేతి తుపాకులను దిగుమతి చేసుకొనే అవకాశం 1980ల మధ్య నుండి, గుర్తింపు పొందిన క్రీడాకారులకు తప్ప, మూసుకుపోయింది. అందువలన మొదటిసారి కొనేవారు ఎక్కువగా .32 లేదా .22 బోరు దేశీయ తుపాకులనే చూస్తారు.

వీటిలో ప్రసిద్ధమైనది కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు. ఇది పాత వెబ్లీ నమూనాను అనుసరించి చేసినది. మధ్యలో మడత విప్పి ఆరు తూటాలు నింపుతారు. 2014 జనవరిలో మహిళల కొరకు అంటూ విడుదల చేసిన "నిర్భీక్" ఇదే బోరులో సుమారు 500 గ్రాముల బరువున్న తేలిక రకం. అప్పట్లో దాని ధర సుమారు 1,22,000 రూపాయలు. అంత ధర పెట్టి ఎందరు మహిళలు కొనగలరని నాడే విమర్శలు వచ్చాయి. 2023 ఆగస్టులో విడుదలైన "ప్రబల్" రివాల్వరులో మడత విప్పే పనిలేదు, తూటాల చక్రం ప్రక్కకు తెరుచుకుంటుంది. ఇషాపూర్ కర్మాగారం వారి "అశని" .32 పిస్తోలు. ఈ కర్మాగారాలను నడిపిన ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ బోర్డు 2021 అక్టోబరు 1న రద్దయి, ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడిపోయింది.

రివాల్వరు తూటా, పిస్తోలు తూటా రెండింటినీ వాడుకలో ".32" అనే పిలిచినా అవి ఒకటి కావు. ఒకదానికి బదులు మరొకటి కొనరాదు. రివాల్వరులో ఒక తూటా పేలకపోతే మరలా మీట నొక్కితే చక్రం తిరిగి తరువాతి తూటా వస్తుంది. పిస్తోలులో పేలని తూటాను చేతితో తీసివేయాలి. దీనికి సాధన కావాలి. పిస్తోలుతో మరొక ప్రమాదం కూడా ఉంది. మేగజైను తీసివేసినా గొట్టం వెనుక గదిలో ఒక తూటా మిగిలి ఉండవచ్చు. ఖాళీ అనుకొని శుభ్రం చేస్తుండగా జరిగే ప్రమాదాలకు ఇది ఒక ముఖ్య కారణం. అందుచేత అరుదుగా మాత్రమే సాధన చేయగలిగేవారికి రివాల్వరు సులువు. అయితే మీట గట్టిగా ఉండటం, తేలిక తుపాకి ఎక్కువగా అదరటం వలన గురి తప్పే అవకాశం ఉంది. కొనేముందు పిడి చేతిలో ఇముడుతుందా, వేలు మీటను సరిగా అందుకుంటుందా అన్నది చూడటం బోరు గురించిన చర్చ కన్నా ముఖ్యం.

వెంట తీసుకువెళ్ళడం

2016 నియమాలలోని 32వ నియమం ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకిని ఒరలో గానీ, సంచిలో గానీ ఉంచి, పూర్తిగా కప్పబడి ఉండేటట్లు, తన అదుపులో ఉండేటట్లు తీసుకువెళ్ళాలి. అనగా తుపాకిని దాచి ధరించడం ఇక్కడ ప్రత్యేక సదుపాయం కాదు, విధి. నలుగురికీ కనబడేలా చూపడం, గాలిలో పేల్చడం నిషేధం. పెళ్ళి ఊరేగింపులలో సంబరానికి కాల్చి ఇతరుల ప్రాణానికి ముప్పు తెస్తే 2019 సవరణ ప్రకారం రెండు సంవత్సరాల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

లైసెన్సు ఏ ప్రాంతంలో చెల్లుతుందో దానిపైనే వ్రాసి ఉంటుంది. గద్వాల జిల్లావారికి ఇది చాలా ముఖ్యం. అలంపూర్ చౌరస్తా నుండి కర్నూలుకు వెళ్ళడం ఆ ప్రాంతం వారికి నిత్యకృత్యం. 2014 జూన్ 2కు ముందు రెండు ఒడ్డులూ ఒకే రాష్ట్రంలో ఉండేవి. ఆ తరువాత తుంగభద్ర వంతెన దాటితే వేరే రాష్ట్రం. రాయచూరు వైపు వెళితే కర్ణాటక. తెలంగాణకు మాత్రమే చెల్లే లైసెన్సుతో ఈ సరిహద్దులు దాటడం చట్టవిరుద్ధం.

నాగర్‌కర్నూల్ జిల్లాలో మరొక హద్దు ఉంది. మన్ననూరు మీదుగా శ్రీశైలం వెళ్ళే రహదారి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 31వ సెక్షను ప్రకారం ముందస్తు వ్రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోనికి ఏ ఆయుధంతోనూ ప్రవేశించరాదు. తుపాకి లైసెన్సు ఉండటం ఇందుకు మినహాయింపు కాదు.

ఎన్నికల సమయంలో లైసెన్సు ఆయుధాలను పోలీస్ స్టేషనులో అప్పగించవలసిందిగా అధికారులు ఆదేశిస్తారు. ఊరిలో కక్షలు పెరిగే ఆ రోజులలోనే తుపాకి దగ్గర ఉండదు కనుక, రక్షణకు దానిని మాత్రమే నమ్ముకున్నవారు ఈ సంగతి ముందే తెలుసుకోవాలి.

కాల్చే హక్కు

లైసెన్సు తుపాకిని ఉంచుకొనే అనుమతి మాత్రమే, కాల్చే అనుమతి కాదు. ఆత్మరక్షణ హక్కు 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్ల క్రింద ఉంది. అంతకుముందు ఇది భారత శిక్షాస్మృతి 96 నుండి 106 వరకు ఉండేది. రక్షణకు అవసరమైన దానికన్నా ఎక్కువ హాని చేయరాదు. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు ఈ హక్కు వర్తించదు. పారిపోతున్న దొంగను వెనుక నుండి కాల్చినవారు కోర్టులో తామే ముద్దాయి కావచ్చు.

ఇంటిలో భద్రత

తుపాకి దాదాపు జీవితమంతా ఇంటిలోనే గడుపుతుంది. తూటాలు వేరుగా, తుపాకి తాళం వేసిన ఇనుప పెట్టెలో ఉంచాలి. పిల్లల చేతికి చిక్కడం, కుటుంబ కలహంలోనో తాగిన మైకంలోనో చేతికి అందడం, ఆత్మహత్యకు సాధనం కావడం బయటి శత్రువు కన్నా దగ్గరగా ఉండే ముప్పులు. ఇంటిలో ఎవరైనా తీవ్రమైన మనోవ్యాకులతలో ఉన్నప్పుడు తుపాకిని పోలీస్ స్టేషనులో గానీ, లైసెన్సు గల డీలరు వద్ద గానీ ఉంచడం మంచిది. పోయినా, దొంగిలించబడినా వెంటనే పోలీసులకు తెలియజేయాలి.

లైసెన్సుదారు మరణిస్తే ఆ తుపాకి దానంతట అదే వారసుల సొత్తు కాదు. దానిని పోలీస్ స్టేషనులోనో డీలరు వద్దనో అప్పగించి, వారసుడు తన పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవాలి. లైసెన్సుదారుకు 70 సంవత్సరాలు నిండినా, లేక ఆ తుపాకిని 25 సంవత్సరాలు ఉంచుకున్నా, జీవించి ఉండగానే వారసునికి బదిలీ చేయుటకు వీలుంది. వారసత్వంగా వచ్చినదైనా రెండు తుపాకుల పరిమితిలోనే లెక్కకు వస్తుంది.