ఫైర్‌ప్లేస్ ముచ్చటగానే ఉంది... చిమ్నీ సంగతేంటి?

అమెరికాలో ఇల్లు కొందామని యాప్‌లో ఫొటోలు తిప్పుతుంటే ఒకచోట వేలు ఆగిపోతుంది. హాల్లో ఎర్ర ఇటుకల గోడ, దాని మధ్య గూడు, అందులో మండుతున్న దుంగలు. కిటికీ బయట మంచు. ఇంకేం కావాలి! న్యూజెర్సీ, కనెక్టికట్ వైపు పాత ఇళ్లలో ఇటుకతో కట్టిన ఈ మేసన్రీ ఫైర్‌ప్లేస్‌లు మామూలే. నిరుడు మేం న్యూజెర్సీలో కొన్న ఇల్లు 1960ల నాటిది. దాంట్లోనూ ఒకటుంది.

గృహప్రవేశానికి వచ్చిన ఫ్రెండ్స్ అందరిదీ ఒకటే మాట, "ఎప్పుడు వెలిగిస్తున్నారు?" అని. ఖమ్మం నుంచి వచ్చిన మా నాన్నయితే ఆశ్చర్యపోయారు. "కట్టెల పొయ్యి దగ్గరే పెరిగినోళ్లం. పొయ్యి ముట్టించడానికి కూడా ఇన్‌స్పెక్షనేందిరా?"

ఆయన అడిగిందాంట్లో న్యాయం ఉంది. అయితే ఊళ్లో మన పెంకుటింట్లో పొగ దొరికిన సందులోంచల్లా బయటికి పోయేది. ఇక్కడ గోడల లోపల, అటకలో, కప్పు కింద అంతా చెక్కే. చలి రాకుండా సందులన్నీ బిగించేసి ఉంటాయి. ఆ చెక్కపెట్టె మధ్యలోంచి పొగగొట్టం పైకి వెళ్తుంది. మంట కళ్లెదుటే ఉంటుంది కాబట్టి దాన్ని ఎలాగూ కనిపెట్టుకుని ఉంటాం. తంటా అంతా ఆ కనిపించని గొట్టంతోనే.

చిమ్నీ లోపల సాధారణంగా కాల్చిన మట్టి గొట్టాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. దీన్ని లైనర్ అంటారు. కట్టెల పొగ పైకి వెళ్తూ చల్లబడినప్పుడు అందులోని ఆవిర్లు లోపలి గోడలకి నల్లటి తారులా అంటుకుంటాయి. పేరు క్రియోసోట్. ఇది బాగా మండే సరుకు. పేరుకున్నాక ఏదో ఒక రోజు మంట అందిందంటే చిమ్నీ లోపలే అంటుకుంటుంది. వేడి 1100 డిగ్రీల సెల్సియస్ దాకా వెళ్లొచ్చు. ఆ దెబ్బకి గొట్టాలు పగులుతాయి, అతుకులు ఊడతాయి. ఒక్కోసారి కాసేపు మండి దానంతటదే ఆరిపోతుంది, ఇంట్లోవాళ్లకి తెలియను కూడా తెలియదు. తర్వాతెప్పుడో మామూలు మంట వేసినా ఆ పగుళ్లలోంచి వేడి దూలాల దాకా పాకుతుంది.

అందుకే అక్కడి ఎన్‌ఎఫ్‌పీఏ 211 అనే ప్రమాణం రెండు మాటలు చెబుతుంది. వాడినా వాడకపోయినా చిమ్నీని ఏడాదికోసారి తనిఖీ చేయించాలి. ఇల్లు చేతులు మారినప్పుడు లెవెల్ 2 తనిఖీ జరగాలి. అంటే అటకలోకీ వెళ్లి చూడటం, గొట్టం లోపలికి కెమెరా పంపడం. ఇల్లు కొనేటప్పుడు వచ్చే మామూలు హోమ్ ఇన్‌స్పెక్టర్ ఎక్కువగా టార్చి వేసి చూసి వెళ్లిపోతాడు. దాన్నీ దీన్నీ ఒకటే అనుకోవద్దు. సీఎస్‌ఐఏ సర్టిఫికెట్ ఉన్న చిమ్నీ స్వీప్‌ని విడిగా పిలవాలి.

మేం సంతకాలకి ముందే పిలిచాం. కెమెరా అటక ఎత్తుకి చేరేసరికి రెండు గొట్టాల మధ్య అతుకు రాలిపోయి సందు కనిపించింది. కింద హాల్లో చూస్తే ఇటుక మీద గీత కూడా లేదు! అమ్మేవాళ్లు ధర కొంత తగ్గించారు. ఆ డబ్బుతో లోపల స్టెయిన్‌లెస్ స్టీల్ లైనర్ వేయించాం. అది పడేదాకా అగ్గిపుల్ల గీయొద్దన్నాడు చిమ్నీ అతను. ఆ వీడియో ఫోన్లో చూపించాక నాన్న మళ్లీ పొయ్యి ఊసెత్తలేదు. పైగా వచ్చిన ప్రతివాళ్లకీ ఆయనే చూపించడం మొదలుపెట్టారు.

ఇక మంట సంగతి. కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న మీటర్ గుచ్చితే చెప్పేస్తుంది. పచ్చి కట్టె వేస్తే వేడి తక్కువ, క్రియోసోట్ ఎక్కువ. డెలివరీ అట్టపెట్టెలు, గిఫ్ట్ పేపర్లు అస్సలు వద్దు. అవి భగ్గున మండి, రేగిన నిప్పురవ్వలు చిమ్నీలోకి ఎగురుతాయి. భోగి రోజున పాత కుర్చీ విరిచి ఇందులో వేద్దామనే సరదా కూడా మానుకోవాలి. రంగు, పాలిష్ ఉన్న చెక్క కాలితే విషపు పొగ వస్తుంది.

మనవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాల్సింది తాలింపు గురించి. హాల్లో ఫైర్‌ప్లేస్ మండుతోంది, వంటింట్లో ఎగ్జాస్ట్ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతోంది అనుకోండి. ఫ్యాన్ గాలిని బయటికి తోస్తుంది. బిగించిన ఇంట్లోకి బదులు గాలి రావడానికి దారి? చిమ్నీయే. పొగతో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా వెనక్కి దిగొచ్చు. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. మంట ఉన్నంతసేపూ దగ్గర్లోని కిటికీ కాస్త తెరిచి ఉంచండి. పోపు పెట్టినప్పుడల్లా కూస్తోందని అలారం బ్యాటరీ తీసేసిన ఇళ్లు మా సర్కిల్‌లోనే నాలుగైదు చూశాను. ఫైర్‌ప్లేస్ ఉన్న ఇంట్లో అది ప్రాణాలతో చెలగాటం. స్మోక్ అలారాలతో పాటు ప్రతి అంతస్తులో, పడగ్గదుల బయట కార్బన్ మోనాక్సైడ్ అలారాలు ఉండాల్సిందే. పడుకునే ముందు చలి వస్తోందని డ్యాంపర్ మూసేయడం కూడా ప్రమాదమే. నిప్పులు పూర్తిగా చల్లారాకే మూయాలి.

చల్లారాయని ఎలా తెలుస్తుంది? నివురుగప్పిన నిప్పు అని ఊరికే అనలేదు. బూడిద కింద నిప్పు రోజుల తరబడి ఉండగలదు. 2011 క్రిస్మస్ తెల్లవారుజామున కనెక్టికట్‌లోని స్టామ్‌ఫర్డ్‌లో ఒక ఇల్లు కాలిపోయి ముగ్గురు చిన్నారులు, వాళ్ల అమ్మమ్మ, తాతయ్య చనిపోయారు. ఫైర్‌ప్లేస్‌లోంచి తీసిన బూడిదే కారణమని అధికారులు చెప్పారు. బూడిదని మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో వేసి, ఇంటికి కనీసం 10 అడుగుల దూరంలో ఆరుబయట పెట్టాలి. ప్లాస్టిక్ చెత్త సంచి, గరాజ్, డెక్... ఏదీ పనికిరాదు.

ఇంత చేస్తే ఇల్లు వెచ్చబడుతుందా అంటే, పెద్దగా లేదు. వేడిలో ఎక్కువ భాగం చిమ్నీలోంచే పోతుంది, హీటర్ వేడి చేసిన గాలిని కూడా లాక్కుపోతుంది. ముందు కూర్చున్నవాళ్లకి హాయి, వెనక గదుల్లో చలి. వెచ్చదనమే కావాలంటే ఆ గూట్లో పట్టే, తలుపున్న ఇన్సర్ట్ స్టవ్ పెట్టించుకోవడం మేలు.

హైదరాబాద్ శివార్లలో విల్లా కట్టిస్తున్న మా కజిన్ ఈ ఫొటోలు చూసి ఫోన్ చేశాడు, "బావా, నాకూ హాల్లో ఒకటి కావాలి" అని. అమెరికా కోడ్ లెక్కలే చదివి వినిపించాను. కింద కనీసం 12 అంగుళాల మందం కాంక్రీటు పునాది. గూడు నోరు 6 చదరపు అడుగులు దాటితే ముందు 20 అంగుళాలు, పక్కలకి 12 అంగుళాలు మండని నేల. నోటి చుట్టూ 6 అంగుళాల్లోపు చెక్క అలంకారం ఉండకూడదు. చిమ్నీ కప్పు మీద కనీసం 3 అడుగులు లేవాలి, 10 అడుగుల దూరంలో ఉన్న దేనికన్నా 2 అడుగులు ఎత్తుండాలి.

అటునుంచి కాసేపు మాట లేదు. "అయితే ఎల్‌ఈడీ మంటలొచ్చేది పెట్టించుకుంటాలే" అన్నాడు.